జనముల ఆలోచనలు – దైవసంకల్పం
(ఒక బైబిలు భావన తెలుగు, కన్నడ సీమల చరిత్రలో నడచిన తీరు)

మన ప్రాచీన రాజులు దానశాసనాలలో విరివిగా వాడిన మాట ఒకటున్నది. అది 'ఆచంద్రార్కం'. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఆ దానం చెల్లవలెనని దాని భావం. దానం చెల్లవలెనంటే దానిని కాపాడే రాజ్యం కూడ నిలవవలెను గదా! ఆ శాసనాలు నేడు పొలాల గట్లపైన, గుడి ప్రాకారాలలోను మిగిలి ఉన్నవి. వాటిని వేయించిన రాజ్యాలు లేవు. మైసూరు సీమలోని ఇటువంటి శాసనాలను సుమారు 9 వేలు సేకరించి 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' సంపుటాలుగా ప్రకటించిన బెంజమిన్ లూయీ రైస్ 1837లో బెంగుళూరులోనే జన్మించాడు. ఆయన తండ్రి బెంజమిన్ రైస్ లండన్ మిషనరీ సంఘపు బోధకుడు. తండ్రి పేర కట్టిన ప్రార్థనామందిరం నేటికీ మన పేట ప్రాంతంలో అవెన్యూ రోడ్డుపై ఉన్నది. కుమారుడు రాజుల శాశ్వతత్వ కాంక్షను రాళ్ల మీద చదివాడు. తండ్రి జీవితమంతా బోధించిన గ్రంథంలో మాత్రం రాజ్యాలలో ఏదీ శాశ్వతం కాదనీ, జనముల ఆలోచనలకు పైన మరొక సంకల్పం ఉన్నదనీ పదేపదే చెప్పబడింది.

ఆ భావన ఏమిటి? దానిని అధికారంలో ఉన్నవారు ఏ విధంగా అర్థం చేసుకొన్నారు, అధికారం లేనివారు ఏ విధంగా అందుకొన్నారు? ఈ రెండు అర్థాలలో గ్రంథానికి దగ్గరైనది ఏది? ఈ ప్రశ్నలను మన చుట్టుపట్ల చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది మతబోధ కాదు. విశ్వసించేవారికీ, విశ్వసించనివారికీ కూడ చరిత్ర చదివే పద్ధతికి సంబంధించిన విషయం.

మన పేట చెప్పే పాఠం

నగర్త వర్తకుల పేర వెలసిన నగర్తపేట, ధర్మరాయస్వామి ఆలయం, ఏటేటా కరగ ఉత్సవం - ఇవన్నీ ఉన్న ఈ పాతపేటను 1537లో నిర్మించినవాడు కెంపేగౌడ. 'గంగాగౌరీ విలాసము' అనే తెలుగు యక్షగానం ఆయన రచన అని ప్రసిద్ధి. ఆయన విజయనగర సామ్రాజ్యపు సామంతుడు. 1565లో ఆ సామ్రాజ్యం దెబ్బతిన్నది. 1638లో బీజాపూరు సేనలు బెంగుళూరును పట్టుకొన్నవి; ఇది శహాజీ జాగీరు అయినది. 1687లో మొగలులు వచ్చారు. కొద్దికాలానికే వారు దీనిని మూడు లక్షల రూపాయలకు మైసూరు చిక్కదేవరాయలకు ఇచ్చివేశారు. తరువాత హైదరాలీ, టిప్పూ సుల్తాను. 1791 మార్చి 7న కారన్‌వాలిస్ సేన హలసూరు ద్వారం వైపునుండి పేటలో ప్రవేశించింది. అదే నెల 21 రాత్రి కోట కూడ పడిపోయింది. కిల్లేదారు బహదూర్ ఖాన్ పోరాడుతూ మరణించాడు. 1792 సంధితో కోట మరల టిప్పూకు దక్కింది. 1799లో శాశ్వతంగా చేజారింది. ఒడెయరులు, 1831 తరువాత ఆంగ్ల కమిషనర్లు, 1881లో మరల ఒడెయరులు, 1947లో స్వాతంత్ర్యం. ఇన్ని ప్రభుత్వాల క్రింద పేటలో అంగళ్లు తెరుచుకొంటూనే ఉన్నవి. ప్రతి ప్రభువూ తన ఏలుబడి స్థిరమనే భావించాడు.

గ్రంథంలోని మాట

బైబిలు పాత నిబంధన గ్రంథాలలో అధికభాగం గొప్ప రాజ్యాల మధ్య నలిగిన ఒక చిన్న జాతి రచనలు. ఈ సంగతి మరువరాదు. జనముల ఆలోచనలను దేవుడు వ్యర్థం చేస్తాడనీ, ఆయన ఆలోచన తరతరాలకు నిలుస్తుందనీ 33వ కీర్తన చెప్పినప్పుడు, అది జయించిన చక్రవర్తి పలికించిన మాట కాదు. గుఱ్ఱాల బలం, సేనల సంఖ్య ఏ రాజునూ రక్షింపజాలవని ఆ కీర్తనలోనే తరువాత వస్తుంది.

క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా దేశంపై దండెత్తి, 46 ప్రాకార పట్టణాలను పట్టుకొన్నట్లు తన శాసనంలో చెప్పుకొన్నాడు. యెరూషలేమును ముట్టడించాడే గాని స్వాధీనపరచుకొన్నట్లు ఆ శాసనంలో లేదు. ఆ కాలపు ప్రవక్త యెషయా ఈ అష్షూరును దేవుని చేతి కఱ్ఱగా వర్ణించాడు. ఆ వెంటనే మరొక మాట అన్నాడు: గొడ్డలి తనను పట్టి నరికేవానిపై అతిశయించవచ్చునా? దండించే సాధనం కూడ దండనకు అతీతం కాదని దీని తాత్పర్యం. యిర్మీయా మరింత సాహసించి, తమ పట్టణాన్ని కూల్చబోయే బబులోను రాజు నెబుకద్నెజరును దేవుని సేవకునిగా పేర్కొన్నాడు. ఇంత చేదు మాటను తన ప్రజలకు చెప్పినందుకు ఆయన ద్రోహిగా నిందితుడై చెరలో పడ్డాడు.

అన్నిటికంటే ఆసక్తికరమైనది పారసీక రాజు కోరెషు విషయం. క్రీ.పూ. 539లో ఆయన బబులోనును జయించాడు. యెషయా గ్రంథం ఆయనను దేవుడు అభిషేకించినవానిగా చెబుతూ, ఆ దేవుణ్ణి కోరెషు ఎరుగడని కూడ స్పష్టంగా చెప్పింది. బబులోను శిథిలాలలో 1879లో హోర్ముజ్ద్ రస్సాం త్రవ్వకాలలో ఒక మట్టి స్తూపిక దొరికింది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. దానిలో ఇదే విజయానికి కారణం బబులోను దేవుడైన మర్దూకు కోరెషును ఎన్నుకొనడమేనని వ్రాసి ఉన్నది. సంఘటన ఒక్కటే; వ్యాఖ్యానాలు రెండు. ఒకటి విజేత కొలువులో వ్రాయించినది. మరొకటి చెరలో ఉన్నవారు నమ్మినది. మొదటిది రాజును ఘనపరచింది. రెండవది రాజుకు తెలియకుండానే ఆయనను పనివానిగా నిలిపింది.

ఇక ఆమోసు ప్రవక్త తన ప్రజల గర్వాన్ని కూడ విడిచిపెట్టలేదు. ఇశ్రాయేలీయులను ఐగుప్తునుండి రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను కఫ్తోరు నుండి, సిరియనులను కీరు నుండి రప్పించాడని ఆయన వాదం. అనగా శత్రువుల చరిత్ర కూడ దేవుని చేతిలోనిదే. ఏ జాతికీ ప్రత్యేకమైన గుత్తాధిపత్యం లేదు. కొత్త నిబంధనలో ఈ ధోరణి కొనసాగింది. లూకా సువార్తలో రోము చక్రవర్తి ఔగుస్తు తన రాజ్యపు జనసంఖ్య కోసం ఆజ్ఞ జారీచేస్తే, ఆ ఆజ్ఞ ఫలితంగా ఒక పేద దంపతులు బేత్లెహేముకు ప్రయాణమై, అక్కడ యేసు జననం జరిగింది. చక్రవర్తి ఆలోచన ఒకటి. కథ నడచిన దారి వేరొకటి. ఏథెన్సు నగరంలో పౌలు చేసిన ప్రసంగంలో జనములకు కాలాలనూ, సరిహద్దులనూ నిర్ణయించినవాడు ఒక్కడేననీ, ఆ జనములన్నిటికీ మూలం ఒక్కటేననీ చెప్పబడింది.

విజేతల పఠనం

ఇటువంటి గ్రంథం సామ్రాజ్యాల చేతికి వచ్చినప్పుడు ఏమయినది? 1799 మే 4న శ్రీరంగపట్టణం పతనమై టిప్పూ సుల్తాను మరణించాడు. 1800 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో అధికారికంగా కృతజ్ఞతాదినం జరిపించాడు. ఆనాటి ప్రసంగం చేసినవాడు కంపెనీ కొలువులోని గురువు క్లాడియస్ బుకానన్. మైసూరు విజయం ఆంగ్లేయులపై దేవుని అనుగ్రహానికి నిదర్శనమనే భావన అప్పటి పాలకవర్గంలో బలంగా ఉండెను. అంతకుముందే చార్లెస్ గ్రాంట్ అనే కంపెనీ ఉన్నతాధికారి, భారత రాజ్యాలను దైవం తమ చేతికి అప్పగించినది లాభం కోసమే కాదని 1792లో వ్రాశాడు. గ్రాంటు వాదంలో బాధ్యత అనే అంశం ఉన్నది. దానిని కాదనలేము. కాని తమ రాజ్యం దైవదత్తమనే మూలభావాన్ని ఆయన ప్రశ్నించలేదు. యెషయా చెప్పిన కఱ్ఱ సంగతి అందరూ జ్ఞాపకముంచుకొన్నారు. గొడ్డలి అతిశయం సంగతి మరచిపోయారు.

విచిత్రమేమంటే, రాజ్యం దేవుడిచ్చినదని చెప్పుకొన్న అదే కంపెనీ, ఆ దేవుని గ్రంథం తన రాజ్యంలో ప్రచారమగుటను ఇష్టపడలేదు. వ్యాపారానికి భంగం వాటిల్లునని దాని భయం. 1793లో బోధకులను అనుమతించవలెనని విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో చేసిన ప్రయత్నం విఫలమైనది. విలియం కేరీ డేనిషు వారి శ్రీరాంపురంలో ఆశ్రయం పొందవలసి వచ్చింది. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు తరువాత కంపెనీ అనుమానాలు మరింత పెరిగినవి. 1813 చార్టరు చట్టంతో గాని మార్గం తెరుచుకొనలేదు. బెంగుళూరులో లండన్ మిషనరీ సంఘం పని ఆరంభమైనది 1820లో.

తెలుగు పుస్తకం పుట్టిన విధం

అంతకు చాలా ముందుగా, 1720-30 దశకాలలో, మద్రాసులో బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మను బోధకుడు బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్టణం చేరుకొన్నారు. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ పండితుడు వారికి సహాయపడ్డాడు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించారు. ఐదేళ్లలో ఇద్దరూ పోయిన ఆ ప్రయత్నాన్ని చూసి అది ముగిసినదని ఎవరైనా అనుకొని ఉండవలసినదే. కాని వారు సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయినవి. 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. రాజులను అధికారపీఠాలనుండి దించే దేవుని గురించి మరియ పాడిన స్తోత్రం లూకా సువార్తలోనే ఉన్నది. ఈ విధంగా కంపెనీ రాజ్యంలో, కంపెనీ అనిష్టం నడుమ, ఆ మాట తెలుగు అక్షరాలలో నిలిచినది.

ఒంగోలు ఉదంతం

1840లో శామ్యూల్ డే అనే అమెరికను బాప్టిస్టు బోధకుడు నెల్లూరులో స్థిరపడ్డాడు. పదమూడేళ్లు గడచినా ఫలితం కనబడలేదు. 1853లో అమెరికాలోని సంఘ సమావేశంలో నెల్లూరు కేంద్రాన్ని మూసివేయవలెననే ప్రతిపాదన వచ్చింది. పటంలో ఒంటరిగా కనబడే ఆ కేంద్రానికి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు అప్పుడే స్థిరపడింది. 1862లో మరల అదే ఆలోచన. అక్కడ పనిచేసిన లైమన్ జ్యూవెట్ అందుకు ఒప్పుకొనలేదు. 1865లో జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుడు ఆయనతో కలిసి వచ్చి, మరుసటి సంవత్సరం ఒంగోలులో నివాసమేర్పరచుకొన్నాడు.

క్లౌ ఆలోచన కూడ ఒకటున్నది. ముందుగా అగ్రవర్ణాల యువకులను విద్య ద్వారా ఆకర్షిస్తే, తక్కినవారు వారిని అనుసరిస్తారని ఆయన తలచాడు. ఆనాటి విద్యావంతులందరి లెక్కా అదే. అయితే ముందుగా ఆయన వద్దకు వచ్చినవాడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల వ్యాపారి, యోగసాధన ఎరిగినవాడు, తన వారిలో గురువుగా గౌరవం పొందినవాడు. 1866లో పేరయ్య దంపతులు బాప్తిస్మం పొందారు. పేరయ్య ఊరూరు తిరిగి తనవారికి బోధించాడు. మాదిగలను చేర్చుకొంటే తాము రామని అగ్రవర్ణాలవారు క్లౌకు తెలియజేశారు, అన్నట్లే దూరమయ్యారు. బోధకుని వ్యూహం తలక్రిందులయినది. ఒంగోలు చరిత్రను నడిపినది అమెరికా సంఘం తీర్మానాలు కావు, క్లౌ ప్రణాళిక కూడ కాదు. తరతరాలుగా వెలివాడలో ఉంచబడిన ఒక చర్మకారుని కాలినడక.

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం పని గుత్తకు తీసుకొని వేలాది మందికి కూలి కల్పించాడు. కూడు కోసం మతంలో చేరినారనే మాట రాకూడదని సుమారు పదునైదు నెలలపాటు బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి వద్ద ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య 9 వేలు దాటింది. వీరు ఎందుకు వచ్చారు? ఆకలి వేళ దొరికిన ఆదరణ ఒక కారణం. కులం కాదన్న గౌరవం దొరుకుననే ఆశ మరొకటి. పేరయ్య వంటి తమవారి మాట మీద నమ్మకం మరొకటి. చరిత్రకారుడు వీటన్నిటినీ పరిగణించవలెను. వచ్చినవారు మాత్రం రాజులనూ, ఆసాములనూ కూడ విచారించే ప్రభువు ఒకడున్నాడనే మాటను విన్నారు. ఆ మాట కలకత్తా కృతజ్ఞతాదినంలో ధ్వనించిన రీతి వేరు, గుండ్లకమ్మ ఒడ్డున ధ్వనించిన రీతి వేరు.

కరవు అడిగే ప్రశ్న

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్నను దాటిపోరాదు. జనముల ఆలోచనలన్నీ దైవాధీనమయితే, ఆ కరవులో మరణించినవారి మాటేమిటి? 1871లో మైసూరు రాజ్య జనాభా సుమారు 50 లక్షలు. 1881 నాటికి సుమారు 42 లక్షలు. పదేళ్లలో పెరగవలసిన జనం ఎనిమిది లక్షలు తగ్గినది. ఆకలిగొన్నవారు పల్లెలు విడిచి బెంగుళూరు వీధులకు చేరుకొన్నారు. సరిగ్గా ఆ రోజులలోనే, 1877 జనవరి 1న, విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ లిట్టన్ ఢిల్లీలో మహాదర్బారు జరిపించాడు. కూలికి వచ్చినవానికి దినానికి ఒక పౌను ధాన్యం, స్వల్ప పైకం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ధాన్యం ఓడలకెక్కి విదేశాలకు పోతూనే ఉన్నది.

దీనిని దైవసంకల్పమని చెప్పి పాలకులను తప్పించవచ్చునా? తప్పించరాదని ఆ గ్రంథమే సమాధానం చెబుతుంది. సాధనంగా ఉపయోగపడిన అష్షూరును కూడ నేరస్థానంలో నిలబెట్టిన ప్రవక్త, ధాన్యం గిడ్డంగుల తాళాలు పట్టుకొన్నవారిని వదలిపెట్టునా? దైవం పేరు మనుష్యుని బాధ్యతను చెరపదు, పెంచుతుంది. వర్షం కురవకపోవడం ప్రకృతి. కూలిని తగ్గించడం ఒక అధికారి సంతకం. ఈ భేదం మరచిన క్షణంలో భక్తి పాలకుల సేవకురాలవుతుంది.

ఎరిగినవారు చెప్పిన తీరు

ఈ భావనను జాగ్రత్తగా పట్టుకొన్నవారు ప్రపంచ చరిత్రలో లేకపోలేదు. క్రీ.శ. 410లో రోము నగరం విసిగోతుల చేత దోపిడికి గురి అయినప్పుడు, క్రైస్తవ మతం వల్లనే ఈ అనర్థమని కొందరు నిందించారు. ఉత్తర ఆఫ్రికాలోని అగస్టీను 413-426 మధ్య ఒక బృహద్గ్రంథం వ్రాసి, రోము వైభవం దేవుని రాజ్యమూ కాదు, రోము పతనం దేవుని పరాజయమూ కాదని వాదించాడు. 1865 మార్చి 4న, అంతర్యుద్ధం ముగియబోతూ విజయం చేతికందుతున్న వేళ, అమెరికా అధ్యక్షుడు లింకన్ తన ప్రసంగంలో విజయగర్వం చూపలేదు. ఇరుపక్షాలవారూ ఒకే గ్రంథం చదివి, ఒకే దేవుని ప్రార్థించారనీ, ఎవరి ప్రార్థనా సంపూర్ణంగా నెరవేరలేదనీ, బానిసత్వమనే పాపంలో ఇరుపక్షాలకూ భాగమున్నదనీ ఆయన చెప్పిన మాటల సారం. తీర్పు ముందు తన పక్షాన్ని కూడ నిలబెట్టుకొనడమే ఈ భావనకు గీటురాయి.

మన దేశంలో 1800 నాటి విజేతల వ్యాఖ్యానానికి చరిత్రే సమాధానమిచ్చింది. దైవదత్తమనుకొన్న సామ్రాజ్యం 1947 ఆగస్టు 15తో ముగిసినది. సామ్రాజ్యంతోపాటు దాని మతం కూడ పోవునని తలచినవారి అంచనా నిజం కాలేదు. నలభై మూడు దినాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి పలు శాఖల క్రైస్తవులు ఏకమయ్యారు.

విద్యార్థులకు ఒక మాట

మన పాఠశాల తరగతి గదులలో వేరువేరు విశ్వాసాల కుటుంబాల పిల్లలు ఒకే బెంచీపై కూర్చుండి చరిత్ర చదివినారు, చదువుచున్నారు. ఈ ప్లాటినం జూబిలీ సంచిక ద్వారా వారికి చెప్పదలచినది ఇంతే. ఏ రాజయినా, ఏ జాతి అయినా దైవం తన పక్షాన ఉన్నదని చెప్పినప్పుడు మూడు సంగతులు పరిశీలించండి. ఆ మాట పలికినవాడు గెలిచినవాడా, ఓడినవాడా? ఆ మాట వల్ల ఎవరికి లాభం? ఆ దైవం తీర్పుకు తాను కూడ లోబడతానని అతడు ఒప్పుకొన్నాడా? మొదటి రెండింటికి సమాధానం పాఠ్యపుస్తకంలోనే దొరుకుతుంది. మూడవ దానికి శాసనాలు, కొలువు ప్రసంగాలు చాలవు; పేరయ్య వంటివారు నడచిన దారులను కూడ వెదకవలసి ఉంటుంది. వారి పేర రాతిశాసనాలు లేవు. కాని గుండ్లకమ్మ పరిసరాలలో వారి మనుమల మనుమలు బడులకు వెళ్లి చదువుకొన్నారు, ఉపాధ్యాయులైనారు. ఆ మార్పును 1853 నాటి తీర్మానంలో గాని, 1877 నాటి దర్బారులో గాని ఎవరూ ఊహించలేదు.